పాత ష్విన్‌ని ఫిక్స్‌డ్ గేర్ చేసేముందు వెనక చక్రం సంగతి తేల్చుకో

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండుసార్లు చదివాను. గరాజ్ సేల్‌లో 60 డాలర్లకి 80లనాటి ష్విన్ కంపెనీ వరల్డ్ స్పోర్ట్ సైకిల్ దొరికింది, షికాగోలో క్లాసులకి రోజూ రానూపోనూ 12 మైళ్ళు తొక్కుతావు, గేర్లన్నీ పీకేసి ఫిక్సీ, అంటే ఫిక్స్‌డ్ గేర్ బండి, చేద్దామనుకుంటున్నావు. ఉన్న వెనక చక్రానికే ఫ్రీవీల్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) ఊడదీసి ఒక స్ప్రాకెట్ (ఒంటి పళ్ళచక్రం) బిగిస్తే చాలని ఎవరో వీడియోలో చెప్పారు. పైగా బ్రేకులు రెండూ తీసేస్తే బండి చూడటానికి నీటుగా ఉంటుందని నీ ఉద్దేశం. ఫ్రేమ్ మంచిదే దొరికింది, దాని గురించి బెంగ వద్దు. ఆ చివరి రెండు ఆలోచనలు మాత్రం మానుకో. ఆ రెండూ ఒకే బండి మీద చేసి, బతికి బయటపడినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

ముందు ఒక్క మాట, ఇంతవరకూ ఫిక్స్‌డ్ తొక్కలేదన్నావు కదా. చిన్నప్పుడు మూడు చక్రాల సైకిల్ తొక్కావా? అందులో పెడల్ నేరుగా ముందు చక్రానికే ఉంటుంది, చక్రం తిరిగితే పెడల్ తిరగాల్సిందే. ఇదీ అంతే, మధ్యలో చైను వచ్చింది, అంతకంటే తేడా లేదు. మన ఊళ్ళో గంటకింతని అద్దెకి తెచ్చుకున్న సైకిల్ మీద దిగుడు రోడ్డులో కాళ్ళు కదపకుండా చక్రం టకటకమని శబ్దం చేస్తుంటే జారిపోయేవాళ్ళం చూడు, ఆ టకటక ఫ్రీవీల్‌ది. ఫిక్స్‌డ్‌లో ఆ సుఖం లేదు. బండి కదిలినంతసేపూ కాళ్ళు తిరుగుతూనే ఉంటాయి, ఆపాలంటే తిరిగే పెడల్‌ని కాళ్ళతో వెనక్కి నొక్కిపట్టాలి. ఈ వెనక్కి నొక్కడం అనే ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే కింద నేను చెప్పేవన్నీ నీకే అర్థమవుతాయి. మామూలు రోడ్ బైక్‌లో ఏ భాగాన్నీ వెనక్కి లాగే బలం కోసం చేయలేదు, నువ్వు ఇప్పుడు దాన్ని రోజుకి కొన్ని వందల సార్లు వెనక్కి లాగబోతున్నావు.

ఫ్రేమ్ సంగతి త్వరగా ముగిస్తాను. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి ఉంటుంది చూడు, డ్రాపౌట్ అంటాం, అది అడ్డంగా, లేదా కొంచెం వాలుగా ముందుకి తెరుచుకుని ఉండాలి. నీ కాలం నాటి స్టీల్ రోడ్ ఫ్రేములకి దాదాపు అన్నిటికీ అలాగే ఉంటుంది. గేర్ల బండిలో చైను వదులుని, గేర్లు మార్చే వెనక డెరైలర్ లాగిపట్టుకుంటుంది. అది పీకేశాక చైను బిగువు సరిచేయాలంటే చక్రాన్ని గాడిలో ముందుకీ వెనక్కీ జరపడం ఒక్కటే మార్గం. ఇప్పటి ఫ్రేములకి గాడి నిలువుగా ఉంటుంది కాబట్టి చక్రం జరగదు. వాటికి సింగిల్ స్పీడ్ (ఒకే గేరు, కానీ ఫ్రీవీల్ ఉన్న బండి) వాళ్ళు వాడే స్ప్రింగ్ టెన్షనర్ పెడదామంటే ఫిక్స్‌డ్‌లో కుదరదు, నువ్వు వెనక్కి నొక్కగానే కింది చైను బిగుసుకుని దాన్ని విరగ్గొడుతుంది. అలాంటి ఫ్రేముకైతే వైట్ ఇండస్ట్రీస్ వాళ్ళ ఎక్సెంట్రిక్ హబ్ లాంటి ఖరీదైన దారులున్నాయి, నీకా గొడవ లేదు.

డబ్బు ఖర్చుపెట్టకముందే మూడు పరీక్షలు చెయ్. సీట్ పోస్ట్ బోల్టు వదులు చేసి పోస్ట్ కదులుతుందా చూడు. స్టీల్ ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ ఏళ్ళ తరబడి గ్రీజు లేకుండా ఉంటే రెండూ అతుక్కుపోతాయి, అప్పుడు అది ఊడదీయడానికి పట్టే టైములో ఇంకో బండి కొనుక్కోవచ్చు. హ్యాండిల్ స్టెమ్ కూడా అలాగే కదిపి చూడు. తర్వాత బండి తిరగేసి, ముందు ఫోర్కు దూరే పొట్టి గొట్టం వెనక, అక్కడి నుంచి పెడల్స్ వైపు దిగే డౌన్ ట్యూబ్ అడుగున వేలితో రాసి చూడు. పెయింట్ ముడతపడి ఉన్నా, చిన్న ఉబ్బు తగిలినా ఆ బండి ఎక్కడో ఎదురుగా గుద్దుకుందని అర్థం. అలాంటిది వదిలెయ్. ఇంతకీ నీది ష్విన్ వాళ్ళ షికాగో ఫ్యాక్టరీలో చేసిన వర్సిటీ మోడల్ అయ్యుంటే నేనే వద్దనేవాణ్ణి, ఒకే ముక్క క్రాంకు (పెడల్స్ తగిలించే చేతులు), మోయలేనంత బరువు. వరల్డ్ స్పోర్ట్‌లని వాళ్ళు తైవాన్‌లో జయింట్ చేత చేయించుకున్నారు. పేరుకి షికాగో బండే కానీ పుట్టిల్లు అక్కడ. ముందు భాగంలో ఉన్న లోహపు బ్యాడ్జి మీద నాలుగంకెలు పొడిచి ఉన్నాయేమో చూడు, ఆనాటి చాలా ష్విన్‌లకి ఉంటాయి. మొదటి మూడూ సంవత్సరంలో ఎన్నో రోజో, చివరిది సంవత్సరం చివరి అంకె. 1234 అని ఉంటే 84లో 123వ రోజు అన్నమాట. అది నీ పనికి అవసరం లేదు గానీ తెలుసుకుంటే బాగుంటుంది.

ఇక అసలు సంగతి, వెనక హబ్, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే భాగం.

నీ పాత హబ్‌కి కుడివైపు ఒకే మర ఉంటుంది, ఫ్రీవీల్ దాని మీదే ఎక్కుతుంది. నువ్వు ముందుకి తొక్కేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. వెనక్కి తిప్పితే ఫ్రీవీల్ లోపల ఖాళీగా తిరుగుతుంది తప్ప హబ్ మీద బలం పడదు. అందుకే చేసినవాళ్ళకి ఇంకో రక్షణ అవసరం రాలేదు. ఫిక్స్‌డ్ పందెం బండ్ల కోసం చేసే ట్రాక్ హబ్ చూస్తే మెట్టు లాగా రెండు మరలుంటాయి. లోపలిది పెద్దది, మామూలు కుడి మర, స్ప్రాకెట్‌కి. బయటిది కొంచెం చిన్నది, ఎడమ మర, స్ప్రాకెట్ ఊడకుండా పట్టే లాక్‌రింగ్‌కి. నువ్వు పెడల్‌ని వెనక్కి నొక్కినప్పుడు స్ప్రాకెట్ ఊడటానికి ప్రయత్నిస్తుంది, ఊడే దిశలో తిరుగుతూ లాక్‌రింగ్‌ని తోస్తుంది, కానీ ఎడమ మర కాబట్టి లాక్‌రింగ్‌కి అది బిగుసుకునే దిశ. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇంత చిన్న తెలివిలో ఫిక్స్‌డ్ గేర్ భద్రత అంతా ఉంది.

మోసం ఎక్కడంటే, ట్రాక్ స్ప్రాకెట్ మర కొలతా, మామూలు ఫ్రీవీల్ మర కొలతా ఒకటే, 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. అందుకని స్ప్రాకెట్ నీ పాత హబ్‌కి హాయిగా ఎక్కేస్తుంది. ఇంకా విచిత్రం, క్రాంకు ఇరుసు తిరిగే చోట, బాటమ్ బ్రాకెట్‌కి ఉండే లాక్‌రింగ్ కూడా అదే కొలత, అదీ ఎక్కుతుంది. మధ్యలో ఆ మర పట్టేసే జిగురు పోసి, రెండూ బిగించి, అయిపోయింది అంటారు వీడియోల్లో. కానీ ఇక్కడ రెండూ కుడి మరలే, ఒకటి ఊడితే రెండోది కూడా దానితో పాటే ఊడుతుంది. దీన్ని ఇక్కడివాళ్ళు సూయిసైడ్ హబ్ అంటారు, ఊరికే పెట్టిన పేరు కాదు. రెండు చేతి బ్రేకులూ ఉంచుకుని, వెనక్కి నొక్కకుండా జాగ్రత్తగా తొక్కే పెద్దవాళ్ళు కొందరు ఇలాంటిదే ఏళ్ళ తరబడి వాడుతున్నారు, కాదనను. బ్రేకులు లేకుండా వాడటం మాత్రం తెలిసి తెలిసి గోతిలో దిగడమే.

నాది 2010 నాటి కథ. జపాన్ ఫ్రేము, అచ్చం నీ లాంటి ఆలోచనే, చేతిలో డబ్బుల్లేవు, చక్రం మార్చకుండా జిగురు పోసి స్ప్రాకెట్ బిగించాను, బ్రేకులు తీసేశాను. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది, ఇంకేముంది నేను పెద్ద మెకానిక్‌ని అనుకున్నాను. షికాగోలో దిగుడు అంటే నది మీద బ్రిడ్జిలే కదా. ఒకరోజు సాయంత్రం బ్రిడ్జి దిగుతుంటే కింద సిగ్నల్ ఎర్రగా మారింది, గట్టిగా వెనక్కి నొక్కాను, ఒక్క క్షణం పట్టుకుంది, తర్వాత కాళ్ళ కింద పెడల్స్ గాలిలో తిరిగినట్టు వెనక్కి తిరిగిపోయాయి. బండి మాత్రం ఆగలేదు. కూడలి మధ్యలోకి వెళ్ళిపోయాను, షూ నేలకి రాసి రాసి అడుగు ఊడిపోయింది, అడ్డం వస్తున్న వ్యాన్ ఆయన ముందే చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆయన తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి, ఒక్కటీ తప్పు కాదు. ఇంటికి నడిపించుకుంటూ వచ్చి చూస్తే హబ్ మరలు నలిగిపోయి ఉన్నాయి. ఆ హబ్ కూడా పోయింది, అంటే మిగిలింది కూడా ఏమీ లేదు.

కాబట్టి కొత్త వెనక చక్రం కొను. నువ్వు పెట్టే డబ్బులో సగం అక్కడే పోవాలి, పోనీ. ట్రాక్ హబ్‌తో కట్టి సిద్ధంగా ఉన్న 700సి సైజు చక్రాలు దొరుకుతాయి, ఫార్ములా హబ్ ఉన్నవి చవకలో నమ్మకమైనవి. ఒకవైపు ఫిక్స్‌డ్‌కీ, రెండోవైపు ఫ్రీవీల్‌కీ మరలున్న ఫ్లిప్ ఫ్లాప్ హబ్ అయితే ఇంకా మంచిది, మోకాళ్ళు నొప్పెట్టిన రోజున చక్రం తిప్పి పెట్టుకుంటే మామూలు బండే. అసలు కొత్తవాడివి కాబట్టి మొదటి వారం అలాగే తొక్కమంటాను. ముందు చక్రం మార్చకు. నీ బండికి వచ్చినవి 27 అంగుళాల చక్రాలు, 700సి రిమ్ము వ్యాసార్థం వాటికంటే 4 మిల్లీమీటర్లు తక్కువ. అందుకే రెండు చక్రాలూ మార్చినవాళ్ళకి ముందు బ్రేక్ ప్యాడ్లు రిమ్ముకి అందక, పొడుగు చేతుల బ్రేక్ వెతుక్కోవాల్సి వస్తుంది. వెనక మాత్రమే మార్చి, వెనక బ్రేక్ తీసేస్తే ఆ తలనొప్పే లేదు. ముందొకటి వెనకొకటి అని ఎవరూ కనిపెట్టలేరు కూడా, 4 మిల్లీమీటర్లు కంటికి ఆనవు.

ఇప్పుడు కొలతలు. రెండు డ్రాపౌట్ల లోపలి ముఖాల మధ్య దూరం స్కేలుతో కొలువు. అయిదు స్ప్రాకెట్ల కాలంలో 120 మిల్లీమీటర్లు, ఆరు ఏడు వచ్చాక 126. ట్రాక్ హబ్ 120. నీది 120 వస్తే ఏ పనీ లేదు, చక్రం పెట్టి బిగించడమే. 126 వస్తే ఇరుసు మీద రెండువైపులా 3 మిల్లీమీటర్ల స్పేసర్ చొప్పున వేసుకో, కాకపోతే వేశాక కూడా నట్టు పూర్తిగా పట్టేంత ఇరుసు బయటికి ఉందా అని కొనేముందు చూసుకో. స్టీల్ కదా, నట్టు బిగిస్తే అదే దగ్గరికి వస్తుంది అని కొందరు అలాగే నొక్కి బిగించేస్తారు. వస్తుంది నిజమే, కానీ డ్రాపౌట్లు వంకరగా లోపలికి వాలి ఇరుసు మీద బలం పడుతుంది. 3 మిల్లీమీటర్ల వాషర్ కోసం ఆ పని ఎందుకు.

చైను నేరుగా నడవాలి, దీన్ని చైన్‌లైన్ అంటారు, దీని మీద బద్ధకం వద్దు. గేర్ల బండిలో చైను కొంచెం వంకరగా పోయినా నడుస్తుంది, దానికి అలవాటే. ఫిక్స్‌డ్‌లో వంకర చైను ముందు శబ్దం చేస్తుంది, తర్వాత ఏదో ఒక గతుకులో ఊడుతుంది. వేగంలో చైను ఊడి వెనక చక్రంలో ఇరుక్కుంటే చక్రం పట్టేస్తుంది, ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ట్రాక్ హబ్‌లో స్ప్రాకెట్ ఫ్రేము నడిమి గీత నుంచి 42 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. రోడ్ క్రాంకుల్లో లోపలి పళ్ళచక్రం దాదాపు 41 దగ్గర, బయటి పెద్దది 46 దగ్గర ఉంటాయి. అంటే నీకు కావలసింది లోపలిదే. పెద్దది బాగుంది కదా అని దాన్నే ఉంచేవాళ్ళని చూశాను, అందంగా ఉంటుంది, కరకరమంటుంది. కొలవడం సులువు. సీట్ ట్యూబ్ ముఖం నుంచి పళ్ళ మధ్యకి కొలిచి, ఆ గొట్టం మందంలో సగం కలుపు, నీ ఫ్రేములో గొట్టం బహుశా 28.6 ఉంటుంది కాబట్టి సగం 14.3. వెనక డ్రాపౌట్ లోపలి ముఖం నుంచి స్ప్రాకెట్ మధ్యకి కొలిచి, మొత్తం వెడల్పులో సగం నుంచి తీసెయ్. రెండు లెక్కలకీ తేడా ఒకటి, మహా అయితే రెండు మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువొస్తే స్పేసర్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు. అలా మారిస్తే రిమ్ము ఫ్రేము మధ్యలో ఉండదు కాబట్టి, చువ్వలు బిగించి వదిలి రిమ్ముని మళ్ళీ మధ్యకి లాగాలి. అది నీ వల్ల కాదు, షాపులో ఇచ్చెయ్.

పెద్ద పళ్ళచక్రం తీసేటప్పుడు రెండు సంగతులు. రెండు పళ్ళచక్రాలని కలిపి పట్టుకునే బోల్టులు ఒక్కదానికి పొడుగెక్కువ అవుతాయి, ఎంత బిగించినా గలగలలాడుతుంది, సింగిల్ చైన్‌రింగ్ బోల్టులని విడిగా కొను. ఇంకోటి, ఆ కాలపు చవక క్రాంకుల్లో పెద్ద చక్రాన్ని క్రాంకుకే నొక్కేసి ఉంచుతారు, అసలు ఊడదు. నీది అలా ఉంటే కోసేయాలని చూడకు, అలాగే వదిలేసి లోపలి దాని మీద చైను వేసుకో, పెద్దది ప్యాంటుకి గార్డులా పనికొస్తుంది. పంజాబీ డ్రెస్ వేసుకునేవాళ్ళకి కూడా ఉపయోగమే.

గేర్ ఎంత అని అడిగావు. నీ లోపలి చక్రం 40 పళ్ళు ఉండొచ్చు, లెక్కపెట్టు. వెనక 16 పెడితే నిష్పత్తి 2.5, చక్రం ఒక చుట్టు 2.1 మీటర్లు అనుకుంటే పెడల్ ఒక్క చుట్టుకి 5.25 మీటర్లు ముందుకి పోతావు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 28 కిలోమీటర్లు. మొదట్లో అంత తొక్కలేవు, 60 చుట్లకి 19 వస్తుంది, ఊళ్ళో అదే నడుస్తుంది. కుర్రాళ్ళు 48కి 15 అని పెద్ద గేర్లు పెట్టుకుని స్టైలు కొడతారు, అది సిగ్నల్ దగ్గర కదిలించడానికీ కష్టం, ఆపడానికి ఇంకా కష్టం. షికాగోలో కొండల్లేవు అన్నావు, నిజమే, మరి జనవరిలో ఎదురుకొట్టే గాలి సంగతి? ఇక్కడ గాలే కొండ. అందుకని 16తో మొదలుపెట్టు, రెండు నెలల తర్వాత కాళ్ళు మరీ ఖాళీగా తిరుగుతున్నాయి అనిపిస్తే 15 వెయ్. మరీ చిన్న గేరైతే దిగుడులో కాళ్ళు మిక్సీలా తిరుగుతాయి, గంటకి 40 కిలోమీటర్లు పోతే ఈ గేర్‌లో నిమిషానికి 127 చుట్లు.

వెనక చక్రాన్ని లాక్ చేసి జారుతూ ఆపడం, స్కిడ్ అంటారు, అది నేర్చుకోవాలని నీకెలాగూ ఉంటుంది, కాదనకు. దానికో లెక్క ఉంది. ముందు పళ్ళు బై వెనక పళ్ళు భిన్నాన్ని కుదించు, కింద మిగిలిన అంకె ఎంతో టైరు మీద అన్ని చోట్లే అరుగుతుంది. 48కి 16 అంటే మూడు బై ఒకటి, స్కిడ్ కొట్టిన ప్రతిసారీ ఒక్కచోటే అరిగి, వారాల్లో గుడ్డ కనిపిస్తుంది. నీ 40కి 16 అంటే అయిదు బై రెండు, రెండే చోట్లు, అదీ బాగోదు. 42 పళ్ళది దొరికితే 42కి 16 ఇరవై ఒకటి బై ఎనిమిది, ఎనిమిది చోట్లు. లేదంటే వెనక 17, అది దేనితోనూ భాగం పోదు కాబట్టి 17 చోట్లు, కాకపోతే 40తో కలిపితే గేరు బాగా తేలికైపోతుంది. నా మాట వింటే బ్రేక్‌తో ఆపు, టైర్లు మిగులుతాయి, ఈ లెక్కంతా మర్చిపో.

బ్రేక్ దగ్గరికే వస్తున్నా. ముందు బ్రేక్ ఉండాల్సిందే, ఇందులో బేరం లేదు. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది, దాన్ని ఎంత పట్టుకున్నా జారుతుందే తప్ప ఆగదు. వెనకదాంతోనే ఆపితే పట్టే దూరం ముందు బ్రేక్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ట్రాక్ బండికి బ్రేకులుండవు కదా అంటావు. నార్త్‌బ్రూక్‌లో ఎడ్ రుడాల్ఫ్ వెలోడ్రోమ్ అని సైకిల్ పందేల ట్రాక్ ఉంది, మీకు దగ్గరే, ఒకసారి వెళ్ళి చూడు. అక్కడ అందరూ ఒకే దిశలో పోతారు, సిగ్నళ్ళుండవు, కారు తలుపు తెరిచేవాళ్ళుండరు, ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటేవాళ్ళుండరు. మధ్యలో ఒకడు హఠాత్తుగా బ్రేక్ వేస్తే వెనకవాళ్ళు మీద పడతారు కాబట్టి అక్కడ బ్రేక్ లేకపోవడమే భద్రత. రోడ్డు మీద అంతా తలకిందులు. చట్టం కూడా చూసుకో, ఇల్లినాయ్‌లో సైకిల్‌ని అదుపు చేసి ఆపి నిలపగల బ్రేక్ ఉండాలి అని రాసి ఉంది. కాళ్ళే బ్రేకులు అని వాదిస్తారు కొందరు. 2006లో పోర్ట్‌లాండ్‌లో బ్రేక్ లేని ఫిక్సీ తొక్కిన ఒక కొరియర్ కోర్టులో అలాగే వాదిస్తే జడ్జి ఒప్పుకోలేదు. లండన్‌లో ఉన్న మీ అక్కకి కూడా చెప్పు, అక్కడి 1983 నిబంధనల ప్రకారం రెండు ఆపే ఏర్పాట్లు ఉండాలి, ఫిక్స్‌డ్ చక్రం ఒకటిగా లెక్క, రెండోది ముందు చక్రం మీద ఉండాల్సిందే.

నీ పాత ముందు బ్రేకే పనికొస్తుంది. కేబులు, దాని తొడుగు, ప్యాడ్లు మాత్రం కొత్తవి వెయ్. కూల్ స్టాప్ వాళ్ళ ఎర్రటి నారింజ రంగు ప్యాడ్లు వానలో బాగా పట్టుకుంటాయి. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి తీసుకుని ముందు రిమ్ముకి అంటించి చూడు. అంటుకుంటే స్టీల్ రిమ్ము, తడిలో దాని మీద బ్రేక్ వేయడం అంటే దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే, అప్పుడు మాత్రం 27 అంగుళాల అల్యూమినియం ముందు చక్రం ఒకటి పాతదైనా సరే వెతుక్కో. వెస్టర్న్ అవెన్యూ మీద వర్కింగ్ బైక్స్ అని పాత సైకిళ్ళు బాగుచేసి అమ్మే, బయటిదేశాలకి పంపే స్వచ్ఛంద సంస్థ ఉంది, ముందు అక్కడ అడుగు. హ్యాండిల్ పైభాగం కింద అడ్డంగా ఇంకో లీవర్ ఉంటే అది పీకెయ్, అది వంగుతుంది గానీ బ్రేక్ సరిగా పట్టదు.

బిగింపు. హబ్ మరలకి గ్రీజు రాసి స్ప్రాకెట్ ఎక్కించు, చైన్ విప్‌తో (చైను ముక్క తగిలించిన పిడి) నీ బలం కొద్దీ బిగించు, తర్వాత లాక్‌రింగ్‌ని దాని గాడిలో పట్టే హుక్ స్పానర్‌తో. సుత్తీ స్క్రూడ్రైవర్‌తో కొట్టి బిగించకు, గాడులు పోతాయి. చక్రం పెట్టి బయట కాసేపు గట్టిగా తొక్కు, ఎక్కుడు ఉంటే ఇంకా మంచిది, ముందు బ్రేక్‌తోనే ఆపు, వెనక్కి నొక్కకు. ఇంటికి వచ్చి చూస్తే స్ప్రాకెట్ ఇంకొంచెం లోపలికి బిగుసుకుని లాక్‌రింగ్ వదులై ఉంటుంది, మళ్ళీ బిగించు. ఇది చేయకుండా వదిలేసినవాళ్ళే ట్రాక్ హబ్‌లు కూడా పాడుచేసుకుంటారు.

చైను కొత్తది 3/32 అంగుళాల వెడల్పుది తీసుకో, స్ప్రాకెట్ కూడా అదే వెడల్పు. 1/8 చైను వేసినా ఆ పళ్ళ మీద నడుస్తుంది, కొంచెం బరువు, కొంచెం చప్పుడు, అంతే. బిగువు ఎంతంటే, కింది చైను మధ్యలో వేలితో పైకీ కిందకీ కదిపితే అర అంగుళం ఆడాలి. పెడల్ మెల్లగా తిప్పుతూ చూస్తే ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. పళ్ళచక్రం సరిగ్గా మధ్యలో లేనందువల్ల అది. బోల్టులు కొంచెం వదులు చేసి, బిగువు ఉన్నచోట చైనుని మెల్లగా తట్టి, మళ్ళీ బిగించి చూడు, రెండు మూడు సార్లకి తేడా తగ్గుతుంది. అన్నిటికంటే బిగువైన చోట కూడా ఆ కొంచెం ఆట ఉండాలి, తీగలా లాగి కడితే బేరింగులు పోతాయి. ఇరుసు నట్లు 15 నంబర్ స్పానర్‌తో బాగా గట్టిగా బిగించు, ముఖ్యంగా కుడివైపు, నువ్వు తొక్కే బలమంతా చక్రాన్ని అటే ముందుకి లాగుతుంది.

ఇది పెద్ద అక్షరాలతో రాసినట్టు చదువు. చక్రం తిరుగుతుండగా చైనుని గుడ్డతో తుడవకు, వేలితో ముట్టుకోకు. గేర్ల బండిలో వేలు ఇరుక్కుంటే పెడల్ ఆగుతుంది. ఇందులో చక్రం ఊపుకి చైను ఆగదు, వేలిని స్ప్రాకెట్ లోపలికి లాక్కుపోతుంది. షెల్డన్ బ్రౌన్ అని మసాచుసెట్స్‌లో ఉండేవాడు, 2008లో పోయాడు, సైకిళ్ళ గురించి మా తరానికి ఉన్న జ్ఞానంలో సగం ఆయన రాసి పెట్టిందే, ఆయన కూడా ఈ విషయం పదే పదే హెచ్చరించాడు. నాది గుడ్డ మాత్రమే పోయింది, అరక్షణంలో చేతిలోంచి మాయమై చైనులో ముక్కలైంది. ఆ రోజు నుంచి చక్రం ఆపి, ఒక జానెడు తుడిచి, కొంచెం తిప్పి, మళ్ళీ ఆపి తుడుస్తాను.

పెడల్స్‌కి పంజరం లాంటి క్లిప్పులూ, పట్టీలూ పెట్టుకో, వెనక్కి నొక్కాలంటే కాలు పెడల్‌కి అంటుకుని ఉండాలి. వేగంలో కాలు జారితే తిరుగుతున్న పెడల్ వచ్చి పిక్క మీద కొడుతుంది, మచ్చ చూపించమంటే చూపిస్తాను. మలుపులో కాలు పైకి పెట్టి ఆపడం ఇందులో కుదరదు కాబట్టి వంగి తిప్పితే పెడల్ నేలకి తగులుతుంది. రోడ్ ఫ్రేముల్లో క్రాంకు ట్రాక్ ఫ్రేముల కంటే కిందకి ఉంటుంది మరి. క్రాంకు వెనక 170 అని, అంటే దాని పొడుగు మిల్లీమీటర్లలో, ఉండొచ్చు, దానితోనే నడిపించు, మలుపుల్లో నెమ్మదిగా వెళ్ళు, తర్వాత ఎప్పుడైనా 165 దొరికితే మార్చుకో. ఇంకోటి ఎవరూ చెప్పరు: నెమ్మదిగా పోతూ హ్యాండిల్ బాగా తిప్పితే ముందు చక్రం నీ బూటు ముక్కుకి తగులుతుంది, మామూలు బండిలో కాలు ఆపేస్తావు, ఇక్కడ ఆపలేవు. పార్కింగ్ లాట్‌లో ఎనిమిది అంకెలా తిప్పి అలవాటు చేసుకో.

ఖర్చు అంచనా: వెనక చక్రం 100 డాలర్ల అటూ ఇటూ, స్ప్రాకెట్, లాక్‌రింగ్ కలిపి 30, చైను 15, బ్రేక్ సామాను 20, పెడల్స్, క్లిప్పులు, పట్టీలు 40. చైన్ విప్, హుక్ స్పానర్ కొనకు, వారానికి ఒకసారి పనిముట్లు వాడుకోనిచ్చే చోట్లున్నాయి, లేదా మా ఇంటికి రా. మొత్తం మీద బండి ధరతో కలిపి 270 దాకా అవుతుంది, ఇంకో యాభై అరవై వేస్తే కొత్త ఫిక్సీయే వస్తుంది. డబ్బు ఆదా అవుతుందని చేయాలనుకుంటే కొత్తదే కొనుక్కో, నేనేం అనుకోను. పాత స్టీల్ ఫ్రేము మెత్తదనం, చేత్తో చేసుకున్న తృప్తి, పైగా చూడగానే ఎత్తుకుపోవాలనిపించని రూపం, ఇవి కావాలంటే ఇది చెయ్. చలికాలం ఉప్పు రోడ్ల మీద డెరైలర్లు తుప్పుపట్టి చస్తాయి, ఇందులో చావడానికి అవేం లేవు, అది మాత్రం నిజంగా లాభం.

రంగు వేయించనా అని కూడా అడిగావు. వద్దు, కనీసం ఈ సంవత్సరం వద్దు. షిఫ్టర్ల బొడిపెలు గ్రైండర్‌తో కోయకు, డెరైలర్ తగిలించే చెవి కోయకు. పీకిన గేర్ల సామానంతా ఒక డబ్బాలో వేసి మంచం కింద పెట్టు, పాత వెనక చక్రం కూడా పారేయకు. రేపు అమ్మాలన్నా, మళ్ళీ గేర్లు బిగించాలన్నా పనికొస్తాయి. ముందు వెళ్ళి సీట్ పోస్ట్ కదులుతుందో లేదో చూడు, డ్రాపౌట్ల మధ్య ఎంత వచ్చిందో కొలువు, అలాగే ఆ బ్యాడ్జి మీద నాలుగంకెలేంటో చెప్పు.